తూటా విడిచిన చొక్కా

టీచరాంటీ పోయిన సంగతి నాకు మా బ్లాకు కింద కిరాణా కొట్టు నడిపే చైనీస్ ఆవిడ చెప్పింది. ఆఫీసు నుంచి వస్తూ కోడిగుడ్ల కోసం ఆగాను. ఆవిడ గుడ్లు కవర్లో సర్దుతూ, నా మొహంలోకి చూడకుండా, "యువర్ టీచర్ ఆంటీ నో మోర్ ఆల్రెడీ. ఆఫ్టర్‌నూన్ స్లీప్, నెవర్ వేకప్" అంది. గుడ్లు అక్కడే వదిలేసి లిఫ్టు దగ్గరికి పరుగెత్తాను. పరుగెత్తి ఏం చేద్దామనో నాకే తెలియదు. లిఫ్టు మా అంతస్తులో ఆగేసరికి కారిడార్‌లో ఆవిడ గుమ్మం ముందు చెప్పుల గుట్ట కనిపించింది. ఎప్పుడూ ఒక్క జత చెప్పులు తప్ప ఉండని గుమ్మం అది. అక్కడే గోడ పట్టుకుని నిలబడిపోయాను.

సింగపూర్‌లో, ఆంగ్ మో కియోలో మా చుట్టుపక్కల కాపురముండి వెళ్లిన తెలుగువాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఎవరి గురించో మీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆవిడ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఆవిడ పుట్టింది సింగపూర్‌లో, పెరిగింది మలేసియా వైపు జొహోర్ రబ్బరు తోటల్లో, పెద్దయ్యాక మళ్లీ ఇక్కడికొచ్చి స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని కుశలప్రశ్న అడిగినంత తేలిగ్గా అడిగేవాళ్లు మనలో ఎక్కడైనా ఉంటారు కదా, వాళ్లందరికీ ఒకటే జవాబు. "సేసుకుందునమ్మా. ఎవడూ టైముకి రానేదు."

ఇంగ్లీషు మాట్లాడితే రేడియోలో వార్తలు చదివినట్టుండేది. తెలుగుకి దిగితే మాత్రం వాళ్లమ్మ నేర్పిన తోట తెలుగు, మధ్యలో మలయ్ మాటలు. "మకాన్ అయిపోయిందేటి?" అని అడిగితే అన్నం తిన్నావా అని అర్థం. నేను తెనాలి దాన్ని. మొదట్లో ఆవిడ మాట నాకు సగమే అర్థమయ్యేది. మిగతా సగం ఆవిడ చేతులు చెప్పేవి.

మేము ఆ ఫ్లాట్లో దిగిన ఏడాది దసరాకి ఆయుధపూజ అని నా లాప్‌టాప్‌కి, రైస్ కుక్కర్‌కి, జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయన హెల్మెట్‌కి బొట్లు పెడుతున్నాను. తలుపు తీసే ఉంది. ఇనుప గేటు ఊచల మధ్య నుంచి ఒక తెల్ల జుట్టు తల లోపలికి తొంగి చూసింది.

"ఓలమ్మ, కుక్కరుక్కూడా బొట్టెట్టీసినావేటమ్మాయ్?"

"అన్నం పెట్టేది అదే కదండీ" అన్నాను, కాస్త కోపంగానే. ముక్కూ మొహం తెలియని మనిషి నా పూజకి వంక పెడుతోందని నా బాధ.

"కోపమా? మంచిదే. అయితే రా, మా ఇంటి ఆయుధం సూద్దువుగాని."

పక్క ఫ్లాటే. దేవుడి గూట్లో పటాల ముందు చిన్న చెక్క దిమ్మ, అందులో నిలువుగా దిగేసిన చూపుడు వేలంత ఇత్తడి గొట్టం. పైకి వచ్చేసరికి సీసా మెడలా సన్నబడింది. ఆ మెడలో రెండు అగరొత్తులు వెలుగుతున్నాయి. చింతపండుతో తోమిన ఇత్తడి తళతళలాడుతోంది, పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. నేను పోలీసు క్వార్టర్ల పక్కన పెరిగిన దాన్ని, చూడగానే పోల్చాను.

"ఆంటీ! ఇది తుపాకీ తూటా కదా!"

"తూటా కాదు. తూటా ఎప్పుడో ఎల్లిపోయింది. ఇది దాని సొక్కా. ఇప్పీసి ఎల్లిపోయింది" అంది. ఆ మీదట గొంతు తగ్గించి, "మా నాన్న ఆకర్న పేల్చింది ఇదే" అంది.

వాళ్ల నాన్న ఇక్కడ వాలంటీరు దళంలో చేరిన మనిషి. జపాన్ సైన్యం దిగినప్పుడు బ్రిటిష్‌వాళ్లు ఆయన చేతికీ ఒక త్రీ నాట్ త్రీ రైఫిలిచ్చి గుంటలో కూర్చోబెట్టారు. సింగపూర్ లొంగిపోయిన ఆ నలభై రెండు ఫిబ్రవరిలోనే పోయాడు. శవం దొరకలేదు. అప్పటికి ఆంటీ పాలు తాగే పిల్ల. తర్వాతెప్పుడో నాన్నతో పాటు గుంటలో ఉన్న స్నేహితుడొకడు వెతుక్కుంటూ వచ్చి, ఆయన ఆఖరి సారి పేల్చిన తూటా తొడుగు అమ్మ చేతిలో పెట్టి వెళ్లాడట. ఇదీ అమ్మ చెప్పిన కథ. ఫోటో లేదు, ఉంగరం లేదు, సమాధి లేదు. తండ్రి అంటే ఆవిడకి ఆ ఇత్తడి గొట్టమే.

అందుకే ఆ తుపాకీ గురించి ఆవిడకి తెలియని ముక్క లేదు. లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ తిరగేసింది. మన ఉగాది ఫంక్షన్‌లో ఆడవాళ్లంతా పట్టుచీరల దగ్గర ఆగితే ఈవిడ మాత్రం ఎవరో ఒకర్ని దొరకబుచ్చుకుని ఆ లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకీ గురించి మొదలుపెట్టేది. ఒకాయన పేరూ ఒక ఊరి పేరూ కలిపి పెట్టారనీ, అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో మూడు వందల మూడు భాగాలంత వెడల్పు గొట్టం కాబట్టి త్రీ నాట్ త్రీ అన్నారనీ చెప్పేది. మొదట్లో తూటాలో నల్లమందు దట్టించేవారట. పేలిస్తే పొగ కమ్మేసి, పేల్చినవాడు ఎక్కడున్నాడో శత్రువుకి తెలిసిపోయేదట. తర్వాత కార్డైట్ వచ్చింది. పొగ రాదు. "తొడుగు ఇప్పి సూస్తే అచ్చం సేమ్యా పోగులేనమ్మా. పాయసం ఒండుకోవొచ్చు" అనేది. సేమ్యా పాయసం గిన్నె చేత్తో పట్టుకున్నావిడ అది విని గిన్నె కింద పెట్టేయడం నేను చూశాను.

తూటా ముక్కు మొదట గుండ్రంగా ఉండేదట, తర్వాత మొన తేల్చారు. ఆ మొన లోపల తేలికైన లోహం పెట్టి బరువంతా తోకకి తోశారట. ఎందుకలాగ అని అడిగితే, మనిషికి తగిలాక లోపల బోర్లాపడ్డానికని చెప్పి, వెంటనే మాట మార్చేసేది. అన్నింటికన్నా ఆవిడకి ఇష్టమైన విషయం తొడుగు అడుగునుండే అంచు. చాలా దేశాలు అంచు లేని తూటాలకి మారిపోతే బ్రిటిష్‌వాళ్లు ఇదిగో మారుస్తాం, అదిగో మారుస్తాం అంటూనే రెండు మహాయుద్ధాలూ ఆ పాత అంచుతోనే లాగించారట. ఐదేసి తూటాలు గుచ్చిన క్లిప్పు తుపాకీలోకి నొక్కేటప్పుడు పైదాని అంచు కిందిదాని అంచుకి ముందుండాలి. తొందరలో వెనకపడిందా, తూటా బిగుసుకుపోతుంది, సిపాయి పని అయిపోతుంది.

ఇదే ఆవిడ మనందరికీ చెప్పిన పాఠం. మా అమ్మాయి పరీక్షల ముందు పుస్తకాలన్నీ ఒకేసారి తెరిచి ఏడుస్తుంటే వచ్చి, "తొందరపడితే అంచు మీద అంచు పడిపోతాది. ఒక్కోటీ తియ్యి" అనేది. పరీక్ష హాల్లో గుండె దడదడలాడితే ఏం చెయ్యాలో కూడా చెప్పింది. "ఊపిరి సగం ఒదులు. అక్కడ ఆగు. అప్పుడు రాయి." మా పిల్ల అది విని, "ఆంటీ, దిస్ వన్ ఈజ్ షూటింగ్ లెసన్ లా, నాట్ ఎగ్జామ్ టిప్" అని నవ్వింది. నవ్విందే గానీ, ఉద్యోగం ఇంటర్వ్యూలకి వెళ్లేముందు ఇప్పటికీ సగం ఊపిరి వదిలి ఆగుతుంది.

లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు ఆవిడ కుడిచెయ్యి తనంతట తానే కదిలేది. అరచేత్తో ఏదో పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించేది. ఆ రైఫిల్ బోల్టు అలా పనిచేస్తుందట. ఆవిడ జన్మలో తుపాకీ పట్టుకోలేదు. మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నదాన్ని చూడటమే. ఒకసారి నన్నూ తీసుకెళ్లింది. అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి, నాన్న భుజం ఎత్తు ఎంతుండేదో అంచనా వేస్తోంది. "మా నాన్న పొట్టోడో పొడుగోడో కూడా నాకు తెల్దమ్మాయ్" అంది. పక్కన నిలబడ్డాను.

ఆ తొడుగుల అడుగున అచ్చు వేసి ఉంటుందనీ, ఏ ఫ్యాక్టరీదో, ఏ సంవత్సరంలో తయారుచేశారో అందులో తెలిసిపోతుందనీ ఆవిడే చెప్పింది.

"మరి మీ నాన్నగారిదాని అడుగున ఏముంది?" అని అడిగాను.

"సెక్కలో ఉంది కదా, అగుపడదు."

"తీసి చూడలేదా?"

"దేవుడి గూట్లోది పీకకూడదు" అంది. ఆవిడకి అలాంటి పట్టింపులేవీ లేవు. వినాయకుడి పటం వెనక కరెంటు బిల్లులు దోపే మనిషి. అయినా నేను రెట్టించలేదు.

నాన్న గురించి ఇంత చెప్పే మనిషి వాళ్లమ్మ గురించి మాత్రం నోరు విప్పేది కాదు. గోడ మీద ఆవిడ ఫోటో కూడా ఉండేది కాదు. అడిగితే, "ఉంది ఎక్కడో బీరువాలో" అనేది. ఒకసారి కాఫీ షాపులో గొడుగు పెట్టి చోప్ చేసుకున్న, అంటే ఇది మాదని ముందే ఆపుకున్న టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం కాస్త బయటపడింది. చీకటితో లేచి రబ్బరు పాలు గియ్యడానికి పోయేదట, వచ్చి వండి పడేసేదట, నిద్రపోయేదట. దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కరోజు తల దువ్వలేదట. నాన్న ఎలా ఉండేవాడమ్మా అంటే, "ఉండీవోడు" అనేదట, అంతే. "తిట్లు తప్పితే నాకేటీ ఇవ్వనేదు మా అమ్మ" అంది ఆంటీ, కాఫీలో చెంచా గిరగిరా తిప్పుతూ. వాళ్లమ్మ పోయి అప్పటికే చాలా ఏళ్లయింది. పోయినప్పుడు బూడిద ఇక్కడే సముద్రంలో కలిపేసి, మర్నాడు స్కూలుకెళ్లి పాఠం చెప్పిందట.

ఆ మధ్య డాక్టరు గుండె బలహీనంగా ఉందని చెప్పినప్పటి నుంచి ఆవిడకి ఒకటే ధ్యాస పట్టుకుంది. నాన్నకి ఎవరూ నీళ్లు వదల్లేదు. శవం లేదు కాబట్టి కర్మ లేదు. తను పోయేలోపు గోదావరికి వెళ్లి, అస్థికల బదులు ఆ ఇత్తడి తొడుగు నీళ్లలో కలిపి, తండ్రికి తర్పణం వదలాలి. "నేను పోతే మా నాన్నని తలుసుకునీవోళ్లు ఈ బూమ్మీద ఎవరూ ఉండరమ్మాయ్. ఆయన్ని ఒడ్డుకి సేర్చీసి పోవాల" అంది. నేను సెలవుకి తెనాలి వెళ్తున్నాను. నాతో రండి, రాజమండ్రి నేనే తీసుకెళ్తానన్నాను. ఆ సంతోషానికి నా కోసం, నాకు అస్సలు గిట్టని దురియన్ పండు కొనుక్కొచ్చింది. నా మొహం చూసి తనే కూర్చుని మొత్తం తినేసింది.

సామాను ఆవిడే సర్దుకుంది. పూజ సామానంతా ఒక చిన్న సంచిలో, చేతిలో పట్టుకునే బ్యాగులో. కుంకుమ భరిణె, దూది వత్తులు, హారతి కర్పూరం, వాటితో పాటు చెక్క దిమ్మతో సహా ఆ తొడుగు. ఈ దేశంలో తూటా ముక్క దగ్గరుంటే ఎంత నేరమో ఇక్కడే పుట్టి, ఇక్కడే పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషికి తెలియదా? తెలుసు. కానీ అన్నేళ్లు దేవుడి గూట్లో పసుపు కుంకుమలు పూసుకుని అగరొత్తులు మోసిన వస్తువు ఆయుధమని ఎవరికి తోస్తుంది? ఏటేటా దానికి ఆయుధపూజ చేసినావిడకే తోచలేదు, నాకేం తోస్తుంది?

ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రే మెషిన్ దగ్గర బెల్టు ఆగిపోయింది. తెర చూసే అమ్మాయి ఇంకొకర్ని పిలిచింది, ఆ ఇంకొకరు పోలీసుని పిలిచారు. మమ్మల్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. వచ్చిన పోలీసు అబ్బాయి మలయ్. మా అమ్మాయి ఈడు వాడిలా ఉన్నాడు. గ్లోవ్స్ తొడుక్కుని మా పూజ సంచి జాగ్రత్తగా విప్పాడు. కుంకుమ ఒలికి వాడి తెల్ల గ్లోవ్స్ ఎర్రబడ్డాయి.

"ఆంటీ, దిస్ వన్ ఈజ్ పార్ట్ ఆఫ్ అమ్యునిషన్. కెనాట్ క్యారీ. యూ నో ఆర్ నాట్?"

ఆంటీ నిటారుగా కూర్చుంది. ఆ రేడియో వార్తల ఇంగ్లీషులో, "దిస్ ఈజ్ మై ఫాదర్" అంది.

ఆ అబ్బాయి గొంతు తగ్గించి, దీని అడుగున ఉన్న అచ్చు రాసుకోవాలి, చెక్కలోంచి తీయక తప్పదు, తియ్యనా అని అడిగాడు. ఆవిడ నావైపు చూసింది. నేను చెయ్యి పట్టుకున్నాను. సరేనని తలూపింది.

అది అంత తేలిగ్గా రాలేదు. అటూ ఇటూ మెలిపెడితే కీచుమంటూ ఊడింది. ఇన్నేళ్లు గాలి తగలని అడుగు భాగం కొత్తగా కొన్నట్టు మెరుస్తోంది. అబ్బాయి ఫోన్ లైటు వేసి, అచ్చు చదువుతూ కాగితం మీద రాసుకుంటున్నాడు. ఏవో అక్షరాలు. తర్వాత, "ఫైవ్, వన్. దిస్ వన్ మస్ట్ బి ద ఇయర్. ఫిఫ్టీ వన్" అన్నాడు. అలా చదవగలిగినందుకు వాడి మొహంలో కాస్త సంబరం కూడా కనిపించింది. పాపం వాడికేం తెలుసు.

"రీడ్ ఇట్ అగైన్" అంది ఆంటీ.

మళ్లీ చదివాడు. ఆవిడ కళ్లజోడు మార్చుకుని తనే చూసింది. నలభై రెండులో చనిపోయిన మనిషి, ఆ తర్వాత తొమ్మిదేళ్లకి తయారైన తూటా పేల్చలేడు. ఆవిడ మొహంలోకి చూడ్డానికి ధైర్యం చాలలేదు.

"అబద్ధమాడింది" అంది మెల్లగా. తర్వాత గట్టిగా, "మా అమ్మ నాకు అబద్ధం సెప్పింది! స్నేహితుడూ నేడు, ఎవడూ నేడు. జీవితమంతా నా సేత అబద్ధానికి అగరొత్తులెలిగించింది. ఎందుకమ్మాయ్? నేనేటి సేసినాను?" అంది. ఆ వయసు మనిషి చిన్నపిల్లలా అడిగింది. భుజం చుట్టూ చెయ్యి వేశాను. విదిలించేసింది. పోలీసు అబ్బాయి బయటికి వెళ్లి వేడి మైలో పాల కప్పు తెచ్చి ఆవిడ ముందు పెట్టి, ఫోన్‌లో పైవాళ్లతో మాట్లాడ్డానికి మళ్లీ వెళ్లిపోయాడు.

చెక్క దిమ్మ బల్ల మీదే ఉంది. చెయ్యి ఊరుకోక దాన్ని తిప్పుతూ కూర్చుంది. తొడుగు ఊడిన చోట గుంట కనిపిస్తోంది. అందులో వేలు పెట్టింది. ఆగింది. మళ్లీ తడిమింది.

"ఇది పాలు గీసీ కత్తి" అంది.

నాకర్థం కాలేదు. దిమ్మ నా చేతికిచ్చింది. గుంట లోపలంతా వంపు తిరిగిన సన్నటి గాట్లున్నాయి. రబ్బరు చెట్టు బెరడు గియ్యడానికి వాడే కత్తి మొన వంకరగా ఉంటుందట. ఆ కత్తితో ఇంత చిన్న గుంట, ఇంత బిగువుగా తొలవాలంటే ఎన్ని సాయంత్రాలు కూర్చోవాలో ఆవిడకి తెలుసు. తోటలో పెరిగిన మనిషి.

అప్పుడు చెప్పుకొచ్చింది. యుద్ధం అయిపోయాక తోటల్లో ఇంకో యుద్ధం మొదలైంది. బ్రిటిష్‌వాళ్ల మీద తిరగబడి అడవుల్లో చేరిన కమ్యూనిస్టులు, తోటలకి ముళ్లకంచెలు, గేటు దగ్గర కాపలా. కాపలావాళ్ల చేతుల్లో ఇవే త్రీ నాట్ త్రీలు. అడవిలోకి అన్నం ముద్ద కూడా పోకూడదని పనికి వెళ్లే ఆడవాళ్ల ఒళ్లంతా, కొప్పులతో సహా, గేటు దగ్గర తడిమేవాళ్లు. తూటా దొరికితే ఉరి. "ఖాళీదా నిండుదా అని ఆగి అడిగీ రోజులు కావమ్మాయ్ అవి." ఆ రోజుల్లోనే ఈవిడ బళ్లో తోటిపిల్లలు, మీ నాన్న సైనికుడు కాదు, పారిపోయాడని ఏడిపించేవారట. ఇంటికొచ్చి అమ్మని పీక్కుతినేదట. నాన్నది ఏటీ నేదా, ఒక్కటైనా నేదా అని. అమ్మ తిట్టేదట. ఒకరోజు పని నుంచి వచ్చి, మాట్లాడకుండా ఈ దిమ్మ తెచ్చి దేవుడి ముందు పెట్టి, ఫలానా మనిషి వచ్చి ఇచ్చి వెళ్లాడని చెప్పిందట.

"నేను ఆ మనిషిని సూడనేదు. నేను బడికెల్లినప్పుడొచ్చీసినాడంది. నమ్మీసినాను" అంది ఆంటీ. దిమ్మ ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసింది. "ఎక్కడ ఏరిందో. గేటు దగ్గర ఎక్కడ దాసిందో. దొరికుంటే ఉరేసీవోళ్లు, నేను అమ్మా నాన్నా నేని పిల్లనైపోదును. అది తెలిసే తెచ్చింది. నేను బళ్లో తలెత్తుకుంటానని తెచ్చింది." బొటనవేలితో ఆ గుంట అంచు తడిమింది. "ఇన్నాళ్లూ దండం నాన్నకెట్టినాను. అమ్మకి ఒక్క దండం కూడా ఎట్టనేదు."

అప్పుడు ఏడ్చింది. అక్కడా ఇక్కడా చూసుకోకుండా, గట్టిగా, ఊళ్లో ఆడవాళ్లు ఏడ్చినట్టు. అప్పుడే తలుపు తీసిన పోలీసు అబ్బాయి అక్కడే ఆగిపోయి, మళ్లీ మెల్లగా తలుపు వేసేశాడు. ఇన్నేళ్లలో ఆవిడ ఏడవగా నేను చూసింది అదొక్కసారే. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

హెచ్చరించి వదిలేశారు. తొడుగు తిరిగివ్వడం కుదరదన్నారు. ఆ అబ్బాయే ఇబ్బందిపడుతూ, కావాలంటే ఫోటో తీసుకోండి ఆంటీ అన్నాడు. "నో నీడ్. ద వుడ్ ఈజ్ ఇనఫ్" అని దిమ్మ బ్యాగులో పెట్టుకుంది. విమానం మాత్రం మమ్మల్ని వదిలేసి ఎప్పుడో వెళ్లిపోయింది. ఇంటికెళ్లే టాక్సీలో, ఇంక ప్రయాణం మానేద్దామా అని అడిగాను. కలపడానికి ఏమీ మిగల్లేదు కదా అని నా ఉద్దేశం.

"మానీడమేటి? ఎల్దాం. ఇప్పుడు ఇద్దరికి ఒదలాల" అంది.

తర్వాత ఆవిడ బతికింది కొద్ది నెలలే. ఆ నెలల్లో బీరువాలోంచి వాళ్లమ్మ ఫోటో బయటికి వచ్చింది. బక్కపలచటి మనిషి, కెమెరా మీద కూడా కోపంగా ఉన్నట్టుంది. మండాయ్ శ్మశానవాటికలో దహనానికి ముందు ఆ ఫోటో, చెక్క దిమ్మ ఆంటీ చేతుల కింద పెట్టాం. మా అమ్మాయి వంగి ఆవిడ చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పావని నేను అడగలేదు. బంధువులెవరూ లేరనుకున్న మనిషికి వచ్చిన జనం హాల్లో పట్టలేదు. అందరూ ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లే, చైనీస్, మలయ్, తమిళం, తెలుగు, అన్ని భాషల్లో ఏడుస్తున్నారు. కారిడార్‌లో ఆవిడ కరివేపాకు మొక్కకి ఇప్పుడు నేను నీళ్లు పోస్తున్నాను. ఆవిడ ఎదురొచ్చి మకాన్ అయిందా అని అడగకపోతే ఆఫీసు నుంచి ఇంటికొచ్చినట్టే అనిపించడం లేదు. కష్టంగా ఉంది.

నాకు మాత్రం కళ్లు మూసుకుంటే రాజమండ్రే కనిపిస్తోంది. ఎయిర్‌పోర్టు గొడవ తర్వాత కొన్నాళ్లకి వెళ్లాం. ఉదయం పూట రేవులో జనం పెద్దగా లేరు. పంతులుగారు కుర్రాడే. ఆంటీని చూసి, "మగవాళ్లెవరూ రాలేదామ్మా?" అన్నాడు.

"నేను ఒచ్చినాను కదా" అంది.

ఆయన దర్భలు చేతిలోకి తీసుకున్నాడు. "ఎవరికమ్మా?"

"మా అమ్మకీ, నాన్నకీ. ముందు అమ్మకి."

"గోత్రం?"

"తెల్దు బాబూ."

"పర్వాలేదు, కాశ్యప గోత్రం అనుకుందాం. తల్లిగారి పేరు చెప్పండి."

మోకాళ్ల లోతు నీళ్లలో, నా మోచెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. నోరు తెరిచింది, మాట రాలేదు. పంతులుగారు ఓపిగ్గా ఆగాడు. రెండోసారికి వచ్చింది. పక్కపక్క గుమ్మాల్లో అన్నేళ్లున్నాం, ఆ పేరు నేను వినడం అదే మొదలు. ఇక్కడ రాయను. ఆవిడ నోట విన్న పేరు అది, అలాగే ఉండనీ. పంతులుగారు ఆ పేరుతో మంత్రం చెబుతుంటే దోసిలితో నీళ్లు వదిలింది. తర్వాత నాన్నకి వదిలింది. అయిపోయిందమ్మా, ఇంక ఒడ్డుకి రండి అని చెప్పి ఆయన వేరే వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆవిడ కదల్లేదు. పేరు మళ్లీ అంది. ఈసారి పైకి అంది. నేను ఆవిడ వైపు చూశాను.

"తోటలో పిల్లలందరం అమ్మా అంటే ఏ అమ్మ పలకాల? అందుకే పేరెట్టి పిలిసీవోళ్లం" అంది. "మద్దేన్నం గంజి పట్టుకెల్లి, చెట్ల మద్దెన నిలబడి కేకేస్తే, ఎక్కడి నుంచో పలికీది."

నా చెయ్యి వదిలేసింది. రెండు అరచేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, నది మీదికి ఆ పేరు కేకేసింది. బట్టలుతుకుతున్న ఆడవాళ్లు తలలెత్తి చూశారు. ఇంకోసారి కేకేసింది. ఆ తర్వాత చెయ్యి చెవి దగ్గరికి తెచ్చుకుని, అవతలి ఒడ్డు వైపు కాస్త తల వంచి, వింటూ నిలబడింది.